పురుగూ పుట్రా: మర్రిపాలెం రైల్వే క్వార్టర్స్ జ్ఞాపకాలు

వారం రోజులుగా విశాఖలో ముసురు. నిన్న సాయంత్రం మా మధురవాడ అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో, ఎవరిదో స్కూటీ పక్కన పాము కనిపించిందని ఒకటే గోల. నేను దిగేసరికి అది కాలువ కన్నంలోకి వెళ్ళిపోయింది. వాచ్‌మన్ సీసాలకొద్దీ ఫినాయిల్ తెచ్చి ప్రహరీ గోడ పొడవునా పోశాడు. అతని భార్య వెల్లుల్లి దంచి నీళ్ళలో కలిపి మెట్ల దగ్గర చల్లింది. ఆ రెండు వాసనలూ కలిసి లిఫ్టులో నాతోపాటు పైకి వచ్చాయి. రాత్రి చాలాసేపు నిద్ర పట్టలేదు. మనసంతా మర్రిపాలెం రైల్వే క్వార్టర్స్‌లోనే తిరిగింది.

మా అమ్మ కూడా వానలు మొదలవగానే వెల్లుల్లి దంచేది. కిరసనాయిల్ ముంచిన గుడ్డతో గడప తుడిచేది. అవి పామును ఆపవని ఇప్పుడు తెలుసు. పాము మన ఇంటి దాకా వచ్చేది ఎలక కోసం, కప్ప కోసం, లేదా తలదాచుకోవడానికి. ఇవి దొరికేచోట ఏ వాసనా దాన్ని ఆపదు. అయితే అమ్మ వెల్లుల్లి నీళ్ళు చల్లేముందు ఇంకో పని చేసేది. గుమ్మం చుట్టూ గడ్డి పీకేది. కట్టెల మోపును గోడకి దూరంగా జరిపేది. నీళ్ళు పోయే తూముకి నాన్న చేత ఇనుప జాలీ బిగింపించేది. మమ్మల్ని కాపాడింది ఈ పనులేనని నా నమ్మకం.

* * *

నాన్న వాల్తేరు రైల్వేలో గ్యాంగ్‌మన్. మా క్వార్టర్స్ అంటే పెంకుటిళ్ళ వరసలు, మధ్యలో కొళాయి, వెనక చింతచెట్లు, వాటి వెనక తుప్పలు, ఆపైన కొండ. పగలూ రాత్రీ తేడా లేకుండా షంటింగ్ చప్పుడు. కిరండూల్ వైపు నుంచి ఇనుప ఖనిజం మోసుకుని పోర్టుకి పోయే గూడ్స్ బళ్ళు దాటుతుంటే గూట్లో గిన్నెలు కదిలేవి. కొత్తగా వచ్చిన చుట్టాలు ఉలిక్కిపడి లేచేవారు. మాకు మాత్రం బండి రాకపోతేనే మెలకువ వచ్చేది.

గూడ్స్ షెడ్డు దగ్గర బస్తాల నుంచి రాలిన ధాన్యం ఎప్పుడూ ఉండేది. ధాన్యం ఉంది కాబట్టి ఎలకలు, ఎలకలు ఉన్నాయి కాబట్టి జెర్రిపోతులు. మనిషి పొడవు దాటిన జెర్రిపోతు పట్టాల పక్క నుంచి సర్రున పోతుంటే మగపిల్లలు రాళ్ళు పట్టుకుని వెంటపడేవారు. నాన్నకి అది అస్సలు నచ్చేది కాదు. "ఒరే గుంటల్లారా, దాన్ని కొట్టీసి ఎలకల్ని మీరు పడతార్రా?" అని కసిరేవాడు. జెర్రిపోతుకి విషం లేదు. నాగుపాముతో జతకడుతుందని మా వీధంతా నమ్మేది. అది అబద్ధం, రెండూ వేరు వేరు జాతులు. రెండు జెర్రిపోతులు మెలికలు తిరిగి పైకి లేస్తుంటే పెళ్ళి అనుకుని, ఎవరో ఒకరు పరుగున వెళ్ళి కొత్త తువ్వాలు తెచ్చి మీద వేసేవారు. అది చాలాసార్లు రెండు మగపాముల బలాబలాల పోరు అని నేను టీచర్నయ్యాక చదివి తెలుసుకున్నాను. అయినా తువ్వాలు వేసే ఆ ఆచారం నాకు ఇష్టమే. ఆ కాసేపైనా వాటిని ఎవరూ కొట్టేవారు కాదు.

దీపం పెట్టాక మా నాయనమ్మ ముందు పాము అనకూడదు. "పురుగూ పుట్రా ఉంటాయి, జాగర్త" అనేది. ఎవరినైనా కరిస్తే "పురుగు ముట్టింది" అనేవారు.

* * *

వానాకాలం వచ్చిందంటే నాన్నకి రాత్రి పెట్రోలింగ్ డ్యూటీ. కొండ మీంచి రాళ్ళు జారినా, కట్ట కింద మట్టి కొట్టుకుపోయినా బండి రాకముందే చూడాలి. చేతిలో మూడు రంగుల లాంతరు, మెడలో విజిల్, నడుముకి సంచీ, అందులో ప్రమాదం ఉంటే పట్టా మీద పెట్టే పటాసులు. ఇంకో చేతిలో వెదురుకర్ర. అమ్మ అన్నం క్యారేజీ కట్టిచ్చి, ఆ కర్ర నాన్న చేతిలో ఉందో లేదో చూశాకే తలుపేసుకునేది.

తెల్లవారి వచ్చాక గుమ్మంలో కూర్చుని బూట్లు విప్పుతూ ఆ రాత్రి చూసినవన్నీ చెప్పేవాడు. పట్టాల పక్క కంకర పగలంతా ఎండకి కాగి రాత్రి చాలాసేపు వెచ్చగా ఉంటుంది. పాముకి సొంత ఒంటి వేడి ఉండదు, ఆ వెచ్చదనం కోసం వచ్చి పడుకుంటుంది. నాన్న నడుస్తూ కర్రతో నేల తట్టేవాడు. పాముకి మనలా బయటికి చెవి లేదు గానీ నేల అదురు దవడ ఎముక గుండా లోపలి చెవికి చేరుతుంది. తాచు, జెర్రిపోతు ఆ అదురుకే తప్పుకుంటాయి. రక్తపింజర అలా కాదు. దాని ఒంటి మీద గొలుసులాంటి మచ్చలు ఎండుటాకుల్లో కలిసిపోతాయి. ఎవరూ చూడరన్న ధీమాతో కదలకుండా ఉండిపోతుంది. మరీ దగ్గరికి వెళితే స్టీమ్ ఇంజన్ ఆవిరి వదిలినట్టు బుస కొడుతుంది. ఆ బుస వినగానే అడుగు వెనక్కి వేయగలిగితే అదృష్టం.

"కర్ర సప్పుడు తాచుకి, లైటు పింజరకి" అనేవాడు నాన్న. ఒకటి ఉంది కదా అని రెండోది వదిలేస్తే ఒప్పుకునేవాడు కాదు. దొడ్డికి వెళ్ళాలని రాత్రి నేను చీకట్లో దిగబోతే మంచం మీంచే కేక పెట్టేవాడు: "ఏటే గుంటా, లైటు లేకండా దిగిపోతన్నావు?" చదువు లేని మనిషి. పాముల గురించి నేను తర్వాత పుస్తకాల్లో చదివినదానిలో సగం ఆయన ముందే చెప్పాడు.

* * *

కార్తీకమాసంలో నాగుల చవితి. తెల్లవారకముందే తలస్నానాలు, తడి జడలు, చేతుల్లో పాల గిన్నెలు, చిమ్మిలి, చలిమిడి, వడపప్పు. లైన్లోని ఆడవాళ్ళంతా సింహాచలం కొండ వైపు ఉన్న ఒక పెద్ద పుట్ట దగ్గరికి నడిచి వెళ్ళేవాళ్ళం. దారిలో జీడిమామిడి తోటలు, మొగలి పొదలు. పిల్లలు టపాకాయలు కాల్చేవారు. మా కాలు నీ మీద పడినా కోపం పెట్టుకోకు నాగన్నా, పక్కకి తప్పుకో అని అమ్మ పుట్టకి మొక్కి, పుట్టమన్ను తీసి మా చెవులకి రాసేది. చల్లగా, కొంచెం గరుగ్గా ఉండేది ఆ మన్ను. భయపడేదాన్నే ఇంటి చుట్టంలా పలకరించే ఆ మొక్కు నాకు ఇప్పటికీ చాలా గొప్పగా అనిపిస్తుంది.

పుట్ట కట్టేది చెదపురుగులు. పాము అందులో అద్దెకి దిగేదే. పాలు దాని ఆహారం కాదు, కన్నంలో పోస్తే లోపల ఉన్నదానికి ఇబ్బందే. పండుగ రోజుల్లో పాములవాళ్ళు బుట్టలతో వచ్చినప్పుడు వాళ్ళ తాచు గిన్నెలో పాలు తాగడం నేను కళ్ళారా చూశాను. అది రోజుల తరబడి నీళ్ళు లేక ఎండిపోయిన ప్రాణి, ఏ ద్రవం పెట్టినా తాగుతుంది. కోరలు పీకేసి, కొన్నిటికి నోరు కూడా కుట్టేసి తిప్పేవారు. బూర ఊదుతుంటే ఆడుతుందని మేము చప్పట్లు కొట్టేవాళ్ళం గానీ, అది బూర కదలికను చూస్తూ తన మీదికి వస్తుందేమోనని కాచుకునేది. 1972 నాటి వన్యప్రాణి చట్టం వచ్చాక క్రమంగా ఆ బుట్టలు మా వీధిలోకి రావడం తగ్గింది. బూర పాట గుర్తొస్తే మనసు లాగుతుంది, ఆ ప్రాణి గుర్తొస్తే బాధ వేస్తుంది.

* * *

ఇది రాయడానికి ఇప్పటికీ చెయ్యి ఆడదు.

పక్క లైన్లో కొత్తగా పెళ్ళై వచ్చిన ఒకావిడ ఉండేది. పిన్నీ అని పిలిచేదాన్ని. సాయంత్రం కొళాయి దగ్గర నీళ్ళు పట్టుకునేలోపు నాకు రెండు జడలు వేసి, తన పెరట్లో కనకాంబరాలు మాల కట్టి పెట్టేది. ఒక ముసురు రాత్రి గచ్చు మీద చాప వేసుకుని పడుకుంది. తెల్లవారుజామున కడుపునొప్పి, వాంతులు. రాత్రి తిన్న చేపల కూర పడలేదనుకున్నారు. వాము నీళ్ళు పట్టారు. కాసేపటికి కళ్ళు తెరవలేకపోయింది. రెప్పలు వాలిపోతున్నాయి, మాట ముద్దగా వస్తోంది. గాలి సోకిందని ఎవరో అన్నారు. రిక్షాలో మంత్రం వేసే ఆయన దగ్గరికి తీసుకెళ్ళారు. ఆయన వేపమండ పట్టుకుని, ఆకుపసరు పోసి, పొద్దెక్కేదాకా కూర్చోబెట్టాడు. ఊపిరి ఎగపోస్తుంటే అప్పుడు పెద్దాసుపత్రికి పరుగెత్తారు. దారిలోనే పోయింది.

ఆ మధ్యాహ్నం చాప దులిపితే, చుట్టిపెట్టిన దుప్పట్లోంచి నల్లగా మెరుస్తూ, సన్నటి తెల్ల చారలతో కట్లపాము బయటపడింది.

కట్లపాము రాత్రి తిరుగుతుంది. పగలు చుట్ట చుట్టుకుని ఎక్కడో మూల పడుంటుంది. ఎలకల కోసం, వేరే పాముల కోసం ఇళ్ళలోకి వస్తుంది. కోరలు చాలా చిన్నవి. నిద్రలో కరిస్తే చీమ కుట్టినంత కూడా తెలియకపోవచ్చు, వాపు రాదు, గాటు కనిపించకపోవచ్చు. దాని విషం నరాల నుంచి కండరాలకి అందే సంకేతాన్ని ఆపేస్తుంది. మొదట కనురెప్పలు, తర్వాత నాలుక, గొంతు, చివరికి ఊపిరి. కింద పడుకున్న మనిషికి వానాకాలంలో తెల్లవారుజామున కారణం తెలియని కడుపునొప్పి వచ్చి, కళ్ళు వాలిపోతుంటే ముందు అనుమానించాల్సింది దీన్నే. సమయానికి విషానికి విరుగుడు మందు పడి, ఊపిరి మెషిన్ మీద పెట్టగలిగితే రోజుల తర్వాతైనా లేచి కూర్చున్నవాళ్ళు ఉన్నారు.

ఆ మంత్రం మీద నా కోపం ఇన్నేళ్ళయినా చల్లారలేదు. కరిచే పాముల్లో చాలావాటికి విషమే లేదు. విషం ఉన్నవి కూడా ఒక్కోసారి కోర దించి విషం వదలకుండానే పోతాయి. ఆ మనుషులు ఎలాగూ బతుకుతారు. వాళ్ళ బతుకు మంత్రం ఖాతాలో పడుతుంది. మా పిన్ని లాంటి వాళ్ళు మాత్రం తలరాత ఖాతాలోకి పోతారు.

ఆ వారమే నాన్న మా నులక మంచాల కోళ్ళ కింద ఇటుకలు పెట్టి ఎత్తు పెంచాడు. అమ్మ పాత చీరల అంచులు వేసి దోమతెరలు కుట్టింది. తెర అంచు నాలుగువైపులా బొంత కిందికి దోపాకే దీపం తగ్గించేది. తెర పాముని ఆపుతుందా అని నేను అడిగేదాన్ని. ఆపుతుంది. లోపలికి దోపిన దోమతెర కట్లపాము కాటు నుంచి కాపాడుతుందని డాక్టర్లూ చెబుతారు. వీధిలో ఒక్కొక్క ఇంట్లో తెరలు లేచాయి. ఉక్కపోతకి ఎవరూ సణగలేదు.

* * *

నాన్నతో పనిచేసే ఒక మావయ్యని పట్టాల పక్క తుప్పలు కొడుతుండగా రక్తపింజర కరిచింది. అప్పటికి 108 లేదు. గ్యాంగ్ మేస్త్రి ఆయన్ని నడవనివ్వలేదట. తోపుడు ట్రాలీ మీద పడుకోబెట్టి, కాలు కదలకుండా పార కర్రకి తువ్వాలుతో కట్టి, నలుగురు ట్రాలీని స్టేషన్ దాకా తోశారు. స్టేషన్ మాస్టర్ గూడ్స్ బండి ఆపించి, గార్డు బ్రేక్‌వ్యాన్‌లో ఎక్కించి విశాఖ పంపాడు. అక్కడి నుంచి పెద్దాసుపత్రి, కేజీహెచ్. ఆ ట్రాలీ తోసినవాళ్ళలో నాన్న ఒకడు. చాలా ఏళ్ళు ఆ కథ చెప్పినప్పుడల్లా ఆయన గొంతులో గర్వం వినిపించేది.

వార్డులో డాక్టర్ కొంచెం రక్తం గాజు గొట్టంలో తీసుకుని, గోడ గడియారం చూస్తూ కూర్చున్నాడని నాన్న వింతగా చెప్పేవాడు. రక్తపింజర విషం రక్తాన్ని గడ్డకట్టనివ్వదు. శుభ్రమైన గాజు గొట్టంలో పోసి 20 నిమిషాలు కదపకుండా ఉంచితే మంచి రక్తం గడ్డ కడుతుంది, విషం ఎక్కిన రక్తం నీళ్ళలా జారుతుంది. పెద్ద మెషిన్లు లేని చిన్న ఆసుపత్రుల్లో ఇప్పటికీ ఇదే పరీక్ష.

మావయ్య బతికాడు. కానీ మేస్త్రి రాకముందే ఎవరో పిక్క పైన తాడు బిగించి కట్టేశారు. కాలు నల్లబడి, కండ కొంత పోయింది. తర్వాత కుంటుతూనే గేట్‌మన్‌గా చేశాడు. అప్పట్లో తాడు కట్టమనే అందరూ చెప్పేవారు. ఇప్పుడు వద్దంటున్నారు. గాటు కోయొద్దు, నోటితో పీల్చొద్దు, ఐసు పెట్టొద్దు. గాజులు, ఉంగరాలు, పట్టీలు వాపు రాకముందే తీసేయాలి. కరిచిన చెయ్యో కాలో కదలకుండా చూడాలి. ఎవరైనా అప్పటికే తాడు బిగించి ఉంటే దారిలో మనం విప్పేయకుండా డాక్టర్ ముందే విప్పించాలి, లేకపోతే ఆగిన విషం ఒక్కసారిగా పైకి పోతుంది. పామును చంపి సంచిలో తీసుకెళ్ళే పని పెట్టుకోవద్దు. తాచు, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర, నాలుగింటికీ ఒకటే మందు. గుర్రాల రక్తంలోంచి తయారుచేస్తారు. పాము పేరు కోసం తిరిగే సమయంలో ఆసుపత్రికి చేరిపోవచ్చు.

* * *

టీచర్‌గా ఉన్నప్పుడు పిల్లలకి నేను ఇష్టంగా చెప్పిన పాఠం ఒకటుంది. రక్తపింజరకి ఇంగ్లీషులో రస్సెల్స్ వైపర్ అని పేరు కదా, ఆ రస్సెల్ మన ఊళ్ళో ఉన్నవాడే. పాట్రిక్ రస్సెల్ స్కాట్లాండ్ డాక్టర్. 1780లలో ఇక్కడ ఈస్టిండియా కంపెనీ అధికారిగా ఉన్న సోదరుడితో కలిసి విశాఖపట్నం వచ్చాడు. మన తీరం పాములెన్నో సేకరించి, బొమ్మలు వేయించి 1796లో అచ్చు వేయించాడు. ఏది విషం ఉన్నది, ఏది లేనిది అని మామూలు జనం తేడా కనిపెట్టగలగాలని ఆయన తాపత్రయం. రక్తపింజరని కటుక రేకుల పొడ అని ఇక్కడి వాళ్ళు చెప్పిన పేరుతోనే రాసుకున్నాడు. ఆ పేరు చెప్పినవాళ్ళెవరో, పాములు పట్టి తెచ్చినవాళ్ళెవరో మనకి తెలియదు. మా నాన్నలాంటి మనుషులే అయి ఉంటారని తరగతిలో చెప్పేదాన్ని. పిల్లలు నిశ్శబ్దంగా వినేవారు.

గిరినాగు, అంటే కింగ్ కోబ్రా, కథలు మాత్రం మాకు కొండ లైన్లో పనిచేసి వచ్చినవాళ్ళ నోటే తెలిసేవి. మాడుగుల, పాడేరు వైపు అడవుల్లో ఉంటుంది. ప్రధానంగా పాముల్నే తింటుంది. ఆడది ఆకులు పోగుచేసి గూడు కట్టి గుడ్లు పెట్టి కాపలా కాస్తుంది. ఇప్పుడు ఆ పల్లెల్లో కుర్రాళ్ళు గూడు కనిపిస్తే చుట్టూ కంచె కట్టి, పిల్లలు బయటికి వచ్చేదాకా కాపాడుతున్నారు. ఒకప్పుడు చూసిన వెంటనే చంపేసేవారు. ఈ మార్పు చూస్తే ఎంత సంతోషమో.

* * *

2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపాను వచ్చింది. తెల్లారి చూస్తే కంబాలకొండ పచ్చదనం పోయి మోడులు నిలబడ్డాయి. చెట్టు కూలితే దాని తొర్ర కూలుతుంది, నీళ్ళు నిండితే కన్నం మునుగుతుంది. ఆ పాములన్నీ ఎక్కడికి పోతాయి? కరెంటు లేని ఆ రాత్రుల్లో మా మెట్ల కింద తాచు చేరింది. పాములు పట్టే కుర్రాడు వంకీ కర్ర, సంచి పట్టుకుని వచ్చేదాకా నేనే మెట్ల మీద కూర్చుని, టార్చి దాని మీద నిలిపి, ఎవరినీ దగ్గరికి రానివ్వలేదు. ఎక్కడుందో తెలిసినంతసేపు భయం లేదు. అది కనబడకుండా పోతేనే అసలు టెన్షన్.

2000 నుంచి 2019 వరకు మన దేశంలో పాముకాటుతో పోయినవాళ్ళు దాదాపు 12 లక్షలని ఒక పెద్ద అధ్యయనం అంచనా. అంటే ఏటా 58 వేలు. అందులో సగం జూన్ నుంచి సెప్టెంబర్ లోపే. ఎక్కువమంది పల్లెల్లో, పొలాల్లో, నేల మీద పడుకునేవాళ్ళు. 2030 నాటికి ఈ మరణాల్ని సగానికి తగ్గించాలని కేంద్రం 2024లో ఒక ప్రణాళిక ప్రకటించింది. అది చదివిన రోజు పిన్ని వేసిన జడలే గుర్తొచ్చాయి.

నాన్న పోయి చాలా ఏళ్ళయింది. మా తమ్ముడి కొడుకు ఇప్పుడు అదే పనిలో ఉన్నాడు. ట్రాక్‌మన్. వాడికి గట్టి బూట్లు, ఎల్ఈడీ టార్చి, ఎక్కడున్నాడో ఆఫీసులో కనిపించే జీపీఎస్ పెట్టె ఉన్నాయి. కర్ర మాత్రం వాడే కొనుక్కున్నాడు. మొన్న పెట్రోలింగ్‌లో రెండు పట్టాల మధ్య రక్తపింజర అడ్డంగా పడుకుని ఉందట. కదిలించకుండా, లైటు వేసుకుని దూరంగా నిలబడ్డాడట. అది లేచి తుప్పల్లోకి పోయాకే ముందుకి నడిచాడు. పొద్దున ఆఫీసులో, అంతసేపు ఒకేచోట ఎందుకు ఆగావని అడిగారట.

"పురుగు దాటింది సార్" అన్నాడట. సరే, రాసి సంతకం పెట్టమన్నారట.